ఒక్క సైస్మోమీటర్ స్పెక్ట్రోగ్రామ్ చూసి ‘బ్లాస్టింగే’ అనేయొచ్చా?

కోకాపేట_కంపనం:
నిన్న సాయంత్రం దబ్బుమని ఒక్క చప్పుడు, కిటికీ అద్దాలు గలగలమన్నాయి. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ‘భూకంపమా?’ అని గోల. నా దగ్గర రాస్ప్‌బెర్రీ షేక్ (ఇంట్లో పెట్టుకునే చిన్న సైస్మోమీటర్, నేల కంపనాలను నమోదు చేస్తుంది) ఉంది కాబట్టి డేటా దింపి స్వార్మ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో స్పెక్ట్రోగ్రామ్ తీశాను, అంటే ఏ క్షణంలో ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత శక్తి ఉందో చూపే బొమ్మ. శక్తంతా 8 నుంచి 30 హెర్ట్జ్ మధ్యే ఉంది, రెండు మూడు సెకన్లలో అయిపోయింది. 1 హెర్ట్జ్ కింద ఏమీ లేదు. పక్క సైటులో సెల్లార్ కోసం బండ పేలుస్తున్నారు. ‘బ్లాస్టింగే, టెన్షన్ పడకండి’ అని బొమ్మతో సహా పెట్టాను. ఒకాయన ‘చెప్పాల్సింది ఎన్‌జీఆర్‌ఐ (హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ), నువ్వు కాదు’ అన్నారు. ఇంట్లో పరికరం, ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంటే ఈ మాట మనం చెప్పొచ్చా, చెప్పకూడదా? చెప్పొచ్చు అనే నేనంటాను.

మౌలాలి_బండ:
బరాబర్ చెప్పొచ్చు. 2024 డిసెంబర్ 4 పొద్దున ములుగు భూకంపం గుర్తుందా, 5.3 తీవ్రత? ఇక్కడికి 200 కిలోమీటర్ల పైమాటే. ముందొచ్చే వేగమైన పీ తరంగం తర్వాత, నెమ్మదిగా నడిచే ఎస్ తరంగం రావడానికి పాతిక సెకన్లు పడుతుంది, ఆ తర్వాత కూడా చాలాసేపు తోక సాగుతుంది. దాని పక్కన సెల్లార్ పేలుడు పెడితే చిన్నపిల్లాడైనా తేడా చెప్తాడు.

తార్నాక_తరంగం:
మౌలాలి అన్నా, ములుగుతో పోలిస్తే ఎవరైనా గెలుస్తారు. పోల్చాల్సింది బోరబండతో. 2020 అక్టోబర్‌లో అక్కడ భూమిలోంచి చప్పుళ్లు వస్తున్నాయని జనం రోడ్ల మీదికొచ్చారు. ఎన్‌జీఆర్‌ఐ వాళ్లు వచ్చి పరికరాలు పెట్టారు. అవి చాలా చిన్న, లోతు తక్కువ ప్రకంపనలు. అలాంటివి కూడా దబ్బుమనే వస్తాయి, సెకన్లలో అయిపోతాయి, శక్తి పై ఫ్రీక్వెన్సీల్లోనే ఉంటుంది. మూడు కిలోమీటర్ల దూరంలో ఏం జరిగినా పీకీ ఎస్‌కీ మధ్య అర సెకను కూడా ఉండదు. మన డబ్బా సెకనుకి 100 శాంపిళ్లు (కొలతలు) తీస్తుంది. స్పెక్ట్రోగ్రామ్ లెక్కకి ఒక్కోసారి 1024 శాంపిళ్ల ముక్క, అంటే విండో, పెడితే అది పది సెకన్లు, రెండూ ఒకే గీతలో కలిసిపోతాయి. 256కి తగ్గిస్తే టైమ్ కొంచెం తేటపడుతుంది గానీ, ఫ్రీక్వెన్సీ 0.4 హెర్ట్జ్ మెట్లలో మొద్దుబారుతుంది. ఏది పెంచినా ఇంకోటి పోతుంది. ఇది సాఫ్ట్‌వేర్ లోపం కాదు, ఏ సాఫ్ట్‌వేర్ వాడినా అంతే.

ఇక ‘1 హెర్ట్జ్ కింద ఏమీ లేదు’ అన్న మాట. మీ డబ్బాలో ఉన్నది 4.5 హెర్ట్జ్ జియోఫోన్, అంటే నేల కదలికను పట్టే సెన్సర్; 4.5 కింద దానికి సహజంగా వినికిడి తగ్గుతుంది. ఎలక్ట్రానిక్స్‌తో కొంత కిందికి లాగారు గానీ, 1 హెర్ట్జ్ దాటి కిందికి పోతే స్పందన గబగబా పడిపోతుంది. నేలలో లేదో, పరికరం వినలేదో మీకెలా తెలుసు? ఆబ్స్‌పైలో (భూకంప డేటాకి వాడే పైథాన్ సాఫ్ట్‌వేర్) రెస్పాన్స్ తీసేసి, అంటే పరికరం తగ్గించి విన్నదాన్ని లెక్కతో సరిచేసి చూశారా? తీసేటప్పుడు కింది హద్దు పెట్టకపోతే నాయిసే కొండంత అవుతుంది, అది వేరే ప్రమాదం.

గుట్టమీద_ఇల్లు:
పరికరం ఏ అంతస్తులో?

కోకాపేట_కంపనం:
నాలుగో అంతస్తు, బాల్కనీ మూల.

గుట్టమీద_ఇల్లు:
అదీ సంగతి. అయిదంతస్తుల బిల్డింగ్ తన సొంతంగా 2 హెర్ట్జ్ దగ్గర ఊగుతుంది. ఎవరు ఏది పేల్చినా, లారీ పోయినా ముందు ఆ గీత లేస్తుంది. మీరు చూస్తున్నది నేలను కాదు, మీ బిల్డింగును. 24 హెర్ట్జ్ దగ్గరో 48 దగ్గరో సన్నటి అడ్డగీతలు కూడా ఉండాలే? అవి మోటార్లు. నిమిషానికి 1450, 2880 చుట్లు తిరిగేవి సరిగ్గా అక్కడే పడతాయి. మా అపార్ట్‌మెంట్‌లో సంపు నిండిందో లేదో వాచ్‌మన్ కంటే ముందు నాకే తెలుస్తుంది. పరికరాన్ని కింద సెల్లార్ ఫ్లోర్ మీద పెట్టండి, మాట్లాడుకుందాం.

మౌలాలి_బండ:
ఇలా అన్నీ తీసేస్తే ఔత్సాహికులు ఎందుకు మరి? 2020 లాక్‌డౌన్‌లో ప్రపంచమంతా నేల నిశ్శబ్దమైందని ‘సైన్స్’ పత్రికలో పేపర్ వచ్చింది కదా, అందులో మనలాంటి వాళ్ల షేక్‌ల డేటా కూడా వాడారు.

తార్నాక_తరంగం:
వాడారు, అందుకే నేనూ ఒకటి కొన్నాను! కానీ అక్కడ చూసింది నెలల తరబడి సగటు శబ్దం, వందల స్టేషన్లలో. స్పెక్ట్రమ్ బలం అక్కడుంది. రోజూ పడుండే నాయిస్ ఎంత, దానిలో ఏం మారింది అన్నది ఒక్క పరికరంతో కూడా బ్రహ్మాండంగా చెప్పొచ్చు. ఒకేఒక్క చప్పుడుకి కారణం చెప్పమంటేనే చిక్కు.

కోకాపేట_కంపనం:
సరే, మరి వరస పేలుళ్ల సంగతేంటి? రంధ్రాలన్నీ ఒకేసారి కాకుండా మిల్లీసెకన్ల తేడాతో పేలుస్తారు. దానివల్ల స్పెక్ట్రోగ్రామ్‌లో పట్టీలు పడతాయి. భూకంపానికి అవి పడవు. ఇది చాలదా?

తార్నాక_తరంగం:
మంచి పాయింట్, ఈ చర్చలో అసలు ఆధారం ఇదే. అయితే లెక్క వేయండి. 25 మిల్లీసెకన్ల తేడా అంటే పట్టీలు 40 హెర్ట్జ్‌కి ఒకటి. మన డబ్బా సెకనుకి 100 శాంపిళ్లే తీస్తుంది కాబట్టి అందులో సగం, 50 హెర్ట్జ్ పైన ఏమీ కనిపించదు. అంటే ఒక్క పట్టీ. ఒక్క పట్టీని వరస అనలేం, పైగా పక్కనే మోటారు గీత. తేడా 100 మిల్లీసెకన్లయితే 10, 20, 30, 40 దగ్గర వరసగా కనిపించాలి. మీ బొమ్మలో అలా ఉంటే నేనూ బ్లాస్టింగే అంటాను. ఉందా?

కోకాపేట_కంపనం:
10 దగ్గరా 20 దగ్గరా ఉన్నట్టే ఉంది. 30 దగ్గర మసకగా ఉంది. నా నమ్మకం నాదే, బ్లాస్టింగే. ‘బ్లాస్టింగే’ అనకుండా ‘భూకంపమని చెప్పే ఆధారం లేదు’ అని మాత్రమే అంటే జనం ఇంకా భయపడతారు మేడమ్, గ్రూపులో అలా రాయలేను.

గుట్టమీద_ఇల్లు:
అయితే గ్రాఫ్ మానేసి సైటు సూపర్‌వైజర్‌ని అడగండి. పేల్చేముందు సైరన్ వేస్తారు కదా. చప్పుడు పడిన క్షణం ఆ టైమ్‌కి సరిపోతే గొడవే లేదు. ఫ్రీక్వెన్సీలు విడదీసే ఏ ఎఫ్ఎఫ్‌టీ లెక్కా అక్కర్లేదు.

మౌలాలి_బండ:
వాళ్లు నిజం చెప్తారా భయ్యా? చీకటి పడ్డాక పేల్చినోడు పేల్చినా అని ఒప్పుకుంటాడా?

తార్నాక_తరంగం:
అందుకే రెండో స్టేషన్ కావాలి. తార్నాకలో ఉన్న నాది పనికిరాదు, ఇంత దూరం సెల్లార్ పేలుడు రాదు. మణికొండలోనో నార్సింగిలోనో ఎవరికైనా షేక్ ఉందా? కోకాపేట గారూ, బొమ్మ కాదు, ఫిల్టర్ వేయని మినీసీడ్ ఫైలే (పరికరం రాసిన అసలు డేటా) పెట్టండి, చప్పుడుకి ముందు పది నిమిషాలు, తర్వాత పది నిమిషాలు. టైమ్ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) రాయండి, మన గడియారంలోంచి అయిదున్నర గంటలు తీసేసి.