నిండుచోనా, నిండుచునా?

గోదారి గట్టు: రెండ్రోజులుగా మనసులో నలుగుతోంది. వామనుడు బ్రహ్మాండమంతా నిండేలా పెరుగుతుంటే సూర్యుడు అతనికి ముందు గొడుగులా, తర్వాత ఒక్కో నగలా, చివరికి పాదపీఠంలా ఉన్నాడని చెప్పే పోతన ‘రవిబింబం’ పద్యాన్ని మా అమ్మాయి గళాభరణం, కేయూరం, కంకణం, మొలగంట దాకా గడగడా చదివింది. చివర నేను ‘బ్రహ్మాండమున్ నిండుచోన్’ అంటే, అమ్మమ్మ ‘నిండుచున్’ అని నేర్పిందంటుంది. పైగా, “వామనుడు పెరుగుతున్నట్టు లేదమ్మా, సూర్యుడే గొడుగు దగ్గర్నుంచి పాదపీఠం దాకా జారుతున్నట్టుంది” అంది. మీకెలా కనిపిస్తోంది?

యతిప్రాస: నిండుచోన్. సందేహం లేదు.

తాళపత్రం: అంత తేలిగ్గా కొట్టేయకండి. చున్ అయినా చోన్ అయినా గురువే. ఈ పద్యం ఛందస్సు మత్తేభం, దానికి రెండూ సరిపోతాయి.

యతిప్రాస: వ్యాకరణానికి మాత్రం ‘చున్’ సరిపోదు. ‘చున్’ అంటే ‘తూ’. ‘తింటూ చదివాడు’ అంటే తినేదీ చదివేదీ ఒకడే. ఇక్కడ నిండేది వటుడు, అంటే వామనుడు; ఉపమింప పాత్రమయ్యేది, అంటే పోల్చడానికి తగినది రవిబింబం. కర్తలు ఇద్దరు. కాబట్టి చోన్, అంటే ‘నిండే వేళ’.

చూపుమేర: పాప అన్నది వదిలేశారు! మబ్బుల్లో చందమామ పరుగెత్తుతున్నట్టుంటుంది, నిజానికి కదిలేవి మబ్బులు. 1929లో కార్ల్ డుంకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీని మీదే రాశాడు. చిన్నదాన్ని పెద్దది చుట్టుకుని ఉంటే, కదిలేది పెద్దదైనా మెదడు ఆ కదలికను చిన్నదానికే అంటగడుతుంది. ఆకాశమంతా వటుడే అయ్యాక చిన్నగా మిగిలింది సూర్యుడే కదండీ.

తాళపత్రం: పోతన ‘జారె’ అనలేదు, ‘దిగె’ అనలేదు. ఛత్రంబై నుంచి పదపీఠమై దాకా తొమ్మిది ‘ఐ’లు, తొమ్మిది నిలిచిన బొమ్మలు. మధ్యలో కదలిక మనం అల్లుకున్నదే.

చూపుమేర: 1912లో వెర్ట్‌హైమర్ అనే మరో మనస్తత్వ శాస్త్రవేత్త చూపించిందీ అదే. పక్కపక్కన రెండు గీతల్ని సుమారు 60 మిల్లీసెకన్ల తేడాతో వెలిగిస్తే ఒకే గీత జరిగినట్టు కనిపిస్తుంది. ఇక కదలికను పట్టుకోవడానికి మెదడు వెనక భాగంలో వీ5 అని ప్రత్యేకంగా ఒక చోటుంది. 1983లో జోసెఫ్ జీల్ బృందం ఒకావిడ గురించి రాసింది. ఆవిడకి ఆ ప్రాంతం రెండువైపులా దెబ్బతింది. రంగులు తెలిసేవి, వస్తువులు తెలిసేవి. టీ పోస్తుంటే మాత్రం ధార గడ్డకట్టినట్టు కనిపించేది. కప్పులో మట్టం పైకి రావడం కనబడక ఎక్కడ ఆపాలో తెలిసేది కాదు. నిండిన కప్పు కనిపిస్తుంది, నిండడం కనిపించదు.

గోదారి గట్టు: అయ్యో పాపం! అలాగైతే ‘నిండుతూ’ ఉండడమే ప్రాణం. మా అమ్మ చెప్పిన చున్‌ని నేను వదలను.

యతిప్రాస: చోన్‌లోనూ నిండుతూ ఉండడం ఉందమ్మా!

ఓరుగల్లు కోట: మా తాతది పోతన ఊరు బమ్మెర పక్కనే. వామనుడు పెరగడం గురించే పోతన రాసిన ఇంకో పద్యం ‘ఇంతింతై’ చదువుతూ ‘అల్లంతై’ దగ్గర చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని పైకి చూసేవాడు, మేమూ చూసేవాళ్లం. ముందు అది తేల్చండి. ‘తోయదమండలాగ్రమునకు అల్లంతై’ అంటే మబ్బుల కొసదాకానా, కొస దాటా?

యతిప్రాస: కొసదాకానే. దాటిన చోట ‘ప్రభారాశిపై’ అని ‘పై’ వేశాడుగా.

తాళపత్రం: మరి ‘చంద్రునికంతయై’? అక్కడ ‘పై’ ఏదండీ?