ప్రేమా, నిఘానా?

ప్రశ్న: అమ్మాయిని రోజంతా లైవ్ లొకేషన్ పెట్టమనడం, ఫోన్ పాస్‌వర్డ్ అడగడం ప్రేమ కిందికే వస్తాయా?

జవాబు 1: "ఇవ్వను" అన్నాక ఏం చేస్తాడో చూడండి. అలిగితే సరే, అది మామూలే. చెయ్యి కోసుకుంటానని బెదిరించడం, స్నేహితులను ఒక్కొక్కరినీ మాన్పించడం, కొట్టి మర్నాడు కాళ్లు పట్టుకోవడం హింసే.

జవాబు 2: వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ తెరవండి, మీ ఖాతా ఇంకెక్కడ తెరిచి ఉందో అందులో కనిపిస్తుంది. తెలియని ల్యాప్‌టాప్ ఉంటే ముందు స్క్రీన్‌షాట్ తీయండి. లాగౌట్ చేస్తే అతనికి తెలిసిపోతుంది, అందుకే అప్పుడు పక్కన ఎవరైనా ఉండాలి. కోపంలో చాట్లు చెరిపేస్తారు, సాక్ష్యం పోయేది అక్కడే.

జవాబు 3: వద్దన్నా వెంటపడటమే కాదు, మెసేజ్‌లపై నిఘా కూడా భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయొచ్చు, తెలంగాణలో మహిళల భద్రత కోసం షీ టీమ్స్ అనే పోలీసు బృందాలు ఉన్నాయి. విడిపోతున్నామని చెప్పడానికి మాత్రం అతని గదికి ఒంటరిగా వెళ్లొద్దు.