బరంపురంలో తెలుగు తెలిసిన నరాల డాక్టరు ఉన్నారా?

పలాస కోడలు:
మేం బరంపురం వచ్చి రెండు నెలలైంది. మా మరిదికి ఇరవై నాలుగేళ్లు. మూడు వారాలుగా నిద్ర లేదు, గోడవైపు తిరిగి పడుకునే ఉంటాడు, బతిమాలితే రెండు ముద్దలు. మాకు ఒరియా రాదు. మంచి నరాల డాక్టరుంటే చెప్పండి.

పాత బరంపురం:
అమ్మా, డాక్టరు సంగతి తర్వాత. ముందు ఇంటి ఓనర్లకి తెలియనివ్వకండి. 2016లో మా తమ్ముడికి ఇలాగే అయితే వైజాగ్‌లో చినవాల్తేరు మానసిక ఆసుపత్రికి తిప్పేవాణ్ణి. రాత్రి రైలెక్కితే మర్నాడు రాత్రికి ఇల్లు. ఒకరోజు చెత్తలో ఖాళీ మాత్రల రేకు ఇంటావిడ కంటబడింది. అది పట్టుకెళ్లి మందుల షాపులో అడిగిందండీ, దేనికి వాడతారని! వాడు చెప్పేశాడు. సాయంత్రానికి "మా అల్లుడొస్తున్నాడు, ఇల్లు కావాలి" అంది. సున్నాల కింద అడ్వాన్సులో నాలుగు వేలు కోసుకుంది. ఆ అల్లుడు ఇంతవరకు రాలేదు. అప్పట్నుంచి మాత్రలన్నీ ఊరగాయ సీసాలో పోసి ఉంచేవాళ్లం.

పర్లాకిమిడి మాస్టారు:
ఆవిడ అడిగిందేమిటి, మీరు చెప్పేదేమిటి? సీసాలో పోస్తే ఏ మాత్ర ఏదో, తేదీ ఎప్పటిదో ఎలా తెలుస్తుంది?
అమ్మా, నరాల డాక్టరంటే న్యూరో దగ్గరికి పంపుతారు. మనవాళ్లు సగంమంది అలాగే స్కానింగులకి తగలేశారు. మానసిక విభాగం అని అడగండి, ఇక్కడి ప్రభుత్వ పెద్దాసుపత్రి ఎంకేసీజీలో ఉంది. మన వరస చూశారుగా: ముందు గుణియా (భూతవైద్యుడు) తాయెత్తు, తర్వాత గ్యాస్ మాత్ర, ఆఖర్న వైజాగ్. ఈలోపు ఏడాది పోతుంది. 2015-16లో బెంగళూరు మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 12 రాష్ట్రాల్లో సర్వే చేస్తే, జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యమే అందలేదని తేలింది. ఆ పన్నెండులో ఆంధ్రా లేదు, ఒడిశా లేదు. మన లెక్క అందులోకి రాలేదు.

పాత బరంపురం:
ఒడిశా ఆధార్ లేకపోతే ఓపీ చీటీ ఇవ్వరు. ఏదన్నా చేసుకున్నాడా, ఆత్మహత్యాయత్నమని 309 సెక్షన్ కింద పోలీసు కేసు.

పర్లాకిమిడి మాస్టారు:
మా అల్లుడు శ్రీకాకుళం ఆధార్‌తోనే చూపించుకుంటున్నాడు. 309 పాత పీనల్ కోడ్‌తో పాటే 2024 జులై 1న పోయింది. 2017 మానసిక ఆరోగ్య చట్టమే అలాంటివాణ్ణి శిక్షించకూడదంది. పదేళ్ల కిందటి రూల్స్ చెప్పి భయపెట్టకండి.

రాయగడ నర్సమ్మ:
మీ తగువు తర్వాత పెట్టుకోండి బాబూ. మనవాళ్లకి వచ్చిన ఒరియా ఒక్కటే, "ముండొ బులౌచి". డాక్టరు తల తిరుగుడుకి మాత్ర రాసి పంపేస్తాడు. "నిదొ హేఉనీ, మనొ భలొ లాగునీ" అనండి, నిద్ర లేదు, మనసు బాగోలేదని. ఎన్ని రోజులనుంచో కాగితం మీద రాసుకెళ్లండి. మందు పట్టడానికి వారాలు పడుతుంది, పదిరోజులకే పనిచెయ్యలేదని మానేస్తారు మనవాళ్లు.
ఇంకోటి. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. ఉందంటే ఒంటరిగా వదలకండి. 14416కి చెయ్యండి, మానసిక సాయానికి సర్కారు పెట్టిన టెలీ మానస్ నంబరు అది, రాత్రయినా ఎత్తుతారు, డబ్బు పడదు. తెలుగు ఎంచుకోవచ్చు.

పలాస కోడలు:
అడిగాను. చాలాసేపు పలకలేదు. తర్వాత తలూపాడు. మా ఆయన డ్యూటీలో ఉన్నారు. 14416కి ఫోన్ కలిపాను, తెలుగులోనే మాట్లాడుతున్నారు. పొద్దున్నే తీసుకెళ్లమంటున్నారు.

పాత బరంపురం:
ఏ వీధమ్మా? నేనూ మా ఆవిడా ఇప్పుడే బయల్దేరుతున్నాం. రాత్రికి మీ ఇంట్లోనే ఉంటాం, పొద్దున్న నా ఆటోలోనే వెళ్దాం. ఇంటివాళ్లడిగితే చుట్టాలొచ్చారని చెప్పండి.