బ్యాంకాక్ వెళ్తున్న అమ్మానాన్నలకి డబ్బు ఎలా ఇచ్చి పంపాలి? డాలర్లా, బాట్‌లా, కార్డా?

గవర్నర్‌పేట_అమ్మాయి
అందరికీ నమస్కారం. అమ్మానాన్నలు వచ్చే నెల ఆరు రోజులు థాయిలాండ్ వెళ్తున్నారు. హోటలు, టిఫిను, రాత్రి భోజనం టూర్ వాళ్లవే. మధ్యాహ్నం తిండి, బజారు ఖర్చులు వీళ్లవి. అన్నీ కలిపి ఓ 50 వేలు అనుకుంటున్నాం. నాన్న రిటైర్డ్ హెడ్‌మాస్టరు, 67 ఏళ్లు, ఫోన్‌పే కూడా వాడరు. బీసెంట్ రోడ్డు దగ్గర అడిగితే బాట్ (థాయ్ కరెన్సీ) స్టాకు లేదు, రెండు రోజుల ముందు చెప్పాలి, డాలర్లైతే ఇప్పుడే ఇస్తామన్నారు. తమ్ముడేమో కార్డు ఒక్కటి చాలంటున్నాడు. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

మిర్చియార్డు_గుంటూరు
డాలర్లే అమ్మా. మిర్చి బేరం మీద 14 ఏళ్లుగా బ్యాంకాక్ వెళ్లొస్తున్నా. వంద డాలర్ల నోట్లే అడుగు. పదులూ ఇరవైలూ పట్టుకెళ్తే అక్కడ రేటు తగ్గిస్తారు. నోటు మీద పెన్ను గీతగానీ, స్టాంపుగానీ, చిన్న చిరుగుగానీ ఉంటే వెనక్కి తోసేస్తారు. సువర్ణభూమి ఎయిర్‌పోర్టులో దిగాక సామాను తీసుకునే చోట కౌంటర్లుంటాయి, అక్కడ మార్చొద్దు. రైలు ఎక్కే అంతస్తుకి, అట్టడుక్కి దిగితే వరసగా కౌంటర్లు, రేటు బాగా ఇస్తారు. మన రూపాయలు కూడా తీసుకుంటారు కానీ దండగ. పైగా ఇక్కణ్ణుంచి మనిషికి 25 వేలకి మించి రూపాయలు పట్టుకెళ్లకూడదు. నాకైతే తెలిసిన కుర్రాడు ఇంటికే తెచ్చిస్తాడు, బిల్లు లేదు, డాలరుకి 40 పైసలు తక్కువ.

పటమట_2011
గుంటూరు బాబాయ్ గారూ, రూపాయి డాలరైనప్పుడు ఒక కోత, డాలరు బాట్ అయినప్పుడు ఇంకో కోత. రెండుసార్లు కోయించుకోవడం ఎందుకు? నేను బ్యాంకులోనే పనిచేస్తా. మామూలు కార్డుని విదేశంలో వాడితే బ్యాంకు అదనంగా వేసుకునే మార్కప్ 3.5 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ, కలిపి 4.13 అవుతుంది, నిజమే. కానీ మార్కప్ లేని కార్డులు ఇప్పుడున్నాయి, అది తీసుకోండి.

ఒక్క జాగ్రత్త. మెషీను 'రూపాయల్లోనా, బాట్‌లోనా' అని అడుగుతుంది. బాట్ అనే నొక్కాలి. పుకెట్‌లో ఒక హోటల్లో 8,400 బాట్ బిల్లు, కౌంటర్లో అమ్మాయి నన్నడక్కుండా రూపాయలు నొక్కింది. ఆ రోజు రేటుకి 21,800 పడాలి, 23,100 పడింది. స్లిప్పు మీద రూపాయలు కనిపిస్తే మనకి తేలిగ్గా అర్థమవుతుంది కదా అనుకుంటాం, ఆ రేటు వేసేది మన బ్యాంకు కాదు. ఏటీఎంలోనూ అంతే, 'వితౌట్ కన్వర్షన్' నొక్కాలి.

బెంజిసర్కిల్_రవాణా
ఫోన్‌పే స్కాన్ చేస్తే పోదా అక్కడ?

పటమట_2011
సింగపూర్, దుబాయ్, నేపాల్, శ్రీలంకల్లో కొన్ని చోట్ల మన యూపీఐ పోతుంది. బ్యాంకాక్‌లో తోపుడు బండి మీద కనిపించే క్యూఆర్ ప్రాంప్ట్‌పేది, అంటే మన యూపీఐ లాంటి వాళ్ల సొంత పద్ధతి. దాన్ని నమ్ముకుని వెళ్లొద్దు.

మిర్చియార్డు_గుంటూరు
అన్నీ చెప్పి ఒకటి దాచావు బాబూ. అక్కడ ఏటీఎంలో చెయ్యి పెడితే ఛార్జీ, నేను చూసినప్పుడు 220 బాట్ ఉండేది. రెండు వేలు తీస్తే పదకొండు శాతం పోయినట్టే! నా రెండు కోతలూ కలిపినా అంత లేదు.

పటమట_2011
రెండు వేలు ఎవరు తియ్యమన్నారు? 20 వేలు ఒకేసారి తీస్తే ఒక్క శాతం పైచిలుకు.

మిర్చియార్డు_గుంటూరు
20 వేలు తీసి జేబులో పెట్టుకుంటే అది నగదు కాదా? మరి నాతో గొడవేంటి? 220 బాట్ సంగతి ఒప్పుకో ముందు.

బ్రాడీపేట_లలిత
50 వేల రూపాయలంటే బాట్‌లో 20 వేల లోపే కదండీ. మీరిద్దరూ కొట్టుకునేది ఒక్కసారి ఏటీఎంకి వెళ్లడం గురించి.

పటమట_2011
లలిత గారూ, 220 బాట్ కాదు విషయం. బిల్లు లేని డాలర్లంటున్నారే, దానికేమంటారు? పాస్‌పోర్టు, పాన్, టికెట్ చూపించి ఆర్‌బీఐ లైసెన్సున్న చోటే కొనాలి. 50 వేల లోపైతే నోట్లిచ్చి కొనొచ్చు, దాటితే ఖాతా నుంచి కట్టాలి. 45 వేలకి కొంటే జీఎస్టీ 81 రూపాయలు, అంతే. 40 పైసలకి ఆశపడి దొంగనోటు చేతికొస్తే పరాయి దేశంలో ఆ మాస్టారు ఏం సమాధానం చెప్పాలి? పెద్దవాళ్లు ఇలాంటివి నేర్పకండి.

ఆ అమ్మాయికి నా సలహా ఇది. కార్డు యాప్ తమ్ముడి ఫోన్లో పెట్టండి. నాన్నగారు ఎక్కడ ఎంత గీకారో ఇక్కణ్ణుంచే చూసుకోవచ్చు, రోజుకి ఇంత అని లిమిట్ కూడా పెట్టొచ్చు.

మిర్చియార్డు_గుంటూరు
బిల్లు మాట తప్పే. ఆ అమ్మాయి బిల్లుతోనే కొనాలి. నేనూ ఇకనుంచి అంతే.

కానీ రెండోది రాశావు చూడు, ఇక్కణ్ణుంచే చూసుకోవచ్చని. ఆయన హెడ్‌మాస్టరు చేసినాయన బాబూ. మొన్నేడాది సింగపూర్‌లో మా అబ్బాయి దగ్గర రెండు నెలలున్నాం. వాడు మంచికే కార్డిచ్చాడు. కింద నేనూ మా ఆవిడా కాఫీ తాగితే రెండు నిమిషాల్లో ఫోను. 'నాన్నా, మళ్లీ కాఫీయా? షుగర్ కదా.' మెసేజ్ వాడికి పోతుంది మరి. లిటిల్ ఇండియాలో మా ఆవిడ చెల్లెలి కోసం గాజులు చేతికి ఎక్కించుకుని చూసి, తీసి ట్రేలో పెట్టేసింది. ఏమే అంటే 'వాడికి తెలుస్తుంది కదండీ' అంది. 40 ఏళ్లు యార్డులో లక్షల సరుకు మాట మీద కొన్నవాణ్ణి. మర్నాడు నా దగ్గరున్న వంద డాలర్ల నోటు మార్చి ఆ గాజులు కొన్నా. పదకొండు శాతం పోయినా కొనేవాణ్ణే. లెక్కలు నాకూ వచ్చు.

బ్రాడీపేట_లలిత
మా అత్తగారు అచ్చం ఇదే మాటన్నారు. పోయినేడాది దుబాయ్ నుంచి వచ్చాక.

పటమట_2011
బాబాయ్ గారూ, నేనన్నది నిఘా పెట్టమని కాదు. 2019లో మా అమ్మ పక్కింటివాళ్లతో మలేషియా వెళ్లింది. బటు గుహల మెట్ల దగ్గర చేతిసంచి పోయింది. రింగిట్లన్నీ అందులోనే. మూడు రోజులు గ్రూపులో వాళ్ల దగ్గర అప్పు చేసి తిన్నది. ఎవరికెంత ఇవ్వాలో టికెట్ వెనక రాసుకుంది, ఆ కాయితం ఇంకా బీరువాలో ఉంది. ఇక్కడ నా ఖాతాలో డబ్బుండి ఏం లాభం? ఆవిడ చేతికి చేర్చే దారి లేకపోయింది. కార్డు పోతే యాప్‌లో ఆపేసి ఇంకో కార్డు వాడుకోమనొచ్చు. నోటు పోతే పోయినట్టే. అందుకే నాకు నగదంటే భయం.

మిర్చియార్డు_గుంటూరు
ఈ మాట ముందే చెప్పుంటే ఇంత గొడవ లేదు కదయ్యా.

బెంజిసర్కిల్_రవాణా
కార్డు తీసుకెళ్తే విదేశాల్లో వాడకం ఆన్ చేసుకోండి. 2020 అక్టోబరు నుంచి కొత్త కార్డులకి అది ఆఫ్‌లోనే వస్తోంది. మా బావ తెలియక బ్యాంకాక్‌లో రాత్రి పదింటికి నాకు ఫోన్ చేశాడు.

గవర్నర్‌పేట_అమ్మాయి
అన్నీ నాన్నకి చదివి వినిపించాను. గాజుల సంగతి విని కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. 'కార్డు నా పేరు మీద తీసుకో, మెసేజ్‌లు నా ఫోనుకే రానీ' అన్నారు. తమ్ముడికి అది నచ్చలేదు. నిన్న ఇద్దరం వీధి చివర ఏటీఎంకి వెళ్లాం, పిన్ను ఆయనే నొక్కి 500 తీశారు, రెండోసారి మళ్లీ తీశారు. వంద డాలర్ల నోట్లు మూడు బిల్లుతో కొన్నాం. రెండు నాన్న దగ్గర, ఒకటి అమ్మ సంచిలో. ఏటీఎం అవసరమైతేనే.

పటమట_2011
మూడు నోట్లూ ఇద్దరి దగ్గరా ఉన్నాయి, బాగుంది. కార్డు మాత్రం పర్సులో నోట్లతో కలిపి పెట్టొద్దని చెప్పండి. 220 బాట్ మీద నేనింకా ఒప్పుకోవట్లేదు.

మిర్చియార్డు_గుంటూరు
ఒప్పుకోకు. అమ్మా, ఆ మూడు నోట్లూ మడతపెట్టకుండా పుస్తకంలో పెట్టి తీసుకెళ్లమను. మిగిలి వస్తే కంగారేం లేదు, రెండు వేల డాలర్ల వరకూ ఇంట్లో ఉంచుకోవచ్చు.