బందరు కోటలోని పాత కట్టడాలను లోపలికి వెళ్లి చూడవచ్చునా?

ప్రశ్న (అడిగినవారు: తాతగారి ఊరు)

మా తాతగారిది బందరు. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెన గురించి ఆయన తన నాయనమ్మ నోట విన్నదంతా మాకు చెబుతూ ఉండేవారు. ఆ రాత్రి ఆవిడ తొమ్మిదేళ్ల పిల్ల అట. పోయిన సంక్రాంతికి హైదరాబాదు నుంచి వెళ్లినప్పుడు, తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయిని వెంటబెట్టుకుని కోట వైపు నడిచాను. ఆయుధాగారమని చెప్పే పెద్ద కట్టడం ముందు నిలబడ్డాక లోపలికి అడుగు వేయడానికి నాకు ధైర్యం చాలలేదు. గోడ మొదట్లో ఇటుకలు మెత్తబడి పిండిలా రాలి కుప్పపడి ఉన్నాయి, పైన గోడలోంచి రావి మొక్క మొలిచి ఉంది. మా అమ్మాయి మాత్రం ఆ గదులన్నీ చూడాలని, బొమ్మలు గీసుకోవాలని ఇప్పటికీ అడుగుతూనే ఉంది. అటువంటి చోట ఎంతవరకు వెళ్లవచ్చు? ఎవరి అనుమతి కావాలి? చూసేటప్పుడు ఏమి గమనించాలి? తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం (బందరు వాసి)

ముందుగా అనుమతి సంగతి చెబుతాను. కోట కట్టడాలు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి కాబట్టి అమరావతి సర్కిల్ కార్యాలయానికి ఒక ఉత్తరం రాసి, కొలతలు తీసుకుంటామని, బొమ్మలు గీసుకుంటామని స్పష్టంగా తెలియజేయండి. కాపలా మనిషి కనబడితే ఆయనను అడిగి, ఆయన వద్దన్న చోటికి వెళ్లకండి. పురాతన కట్టడాల రక్షణ కోసం చేసిన 1958 నాటి చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత కట్టడానికి నష్టం కలిగిస్తే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. గోడల మీద పేర్లు చెక్కేవారు ఈ మాట ఎరిగి ఉంటే ఎంత బాగుండేదో!

ఇక చూడవలసిన వాటిలో మొదటిది కోట కాదు, అది నిలిచిన నేల. సముద్రం ఇప్పుడు గోడల దాకా రాదు, మధ్యలో ఉప్పు నేలలు, పాయలు, మడ చెట్లు పరచుకుని ఉన్నాయి. 1759 ఏప్రిల్‌లో ఫ్రెంచివారి చేతిలో ఉన్న ఈ కోటను ఇంగ్లీషు సైన్యాధికారి ఫోర్డ్ రాత్రి దాడి చేసి పట్టుకున్నప్పుడు, ఒక దళం ఇటువంటి బురదలోనే నడిచి మరో వైపు గోలచేసి కోటలోవారి దృష్టి మళ్లించింది. చివరకు ముట్టడించిన వారికన్నా లొంగిపోయిన వారే ఎక్కువ. ఈ సంగతి అమ్మాయికి ఆ నేల మీద నిలబెట్టి చెబితే, పుస్తకంలో చదివినదానికన్నా బాగా అర్థమవుతుంది.

పెచ్చులూడిన చోట గచ్చును దగ్గరగా చూడండి. గోరంత గవ్వముక్కలు, కాలకుండా మిగిలిన ఆల్చిప్పల తునకలు తెల్లగా కనిపిస్తాయి. రాతి సున్నం దొరకని తీరంలో గవ్వలను కాల్చి చేసుకున్న గుల్ల సున్నం అది. చేత్తో మాత్రం గోకవద్దు, చూస్తే చాలు. డచ్చివారి సమాధులను కూడా చూడకుండా రావద్దు. రాళ్ల మీద చెక్కిన వంశ చిహ్నాలు చాలాచోట్ల ఇంకా పోల్చుకోగలిగేటట్లు ఉన్నాయి.

సమాధానం (పాత కట్టడాల ఇంజినీరు)

మీరు వెనక్కి తిరిగి రావడమే సరైన పని. మీరు చూసిన ఆ ఇటుక పిండిని తక్కువగా అంచనా వేయకూడదు. నేలలోని ఉప్పునీరు గోడలోకి పాకి, ఎండకు నీరు ఆవిరైపోయి, ఉప్పు మాత్రం ఇటుక లోపలి సందులలో గడ్డకడుతుంది. గడ్డకట్టిన ప్రతిసారీ అది ఇటుకను లోపలి నుంచి చీలుస్తుంది. అందువల్లనే పై భాగం గట్టిగా ఉన్నట్లు కనిపిస్తున్నా, అడుగున మోకాలెత్తు మేర గోడ సన్నబడిపోతూ ఉంటుంది. అటువంటి గోడ ఎప్పుడు ఒరుగుతుందో పైకి చూసి చెప్పలేము. నేను ఒకసారి మరో తీరప్రాంతంలోని పాత బంగళాను పరిశీలిస్తున్నప్పుడు, ఉదయం నేను ఆనుకుని కొలతలు రాసుకున్న గోడే, వాన వెలిసిన మర్నాడు ఎండ కాస్తున్న వేళ కూలింది. ఆ రోజు నుంచి వానల తర్వాత రెండు మూడు రోజులు ఏ పాత కట్టడంలోనూ కాలు పెట్టడం మానేశాను.

మిద్దె ఉన్న చోట పైకి ఎక్కవద్దు. పాత మిద్దెల మీద నడిచేవారికి గోడ పక్కగా నడిస్తే మంచిదని చెప్పే అలవాటు ఉంది కాని, సముద్రపు గాలికి దూలం మొట్టమొదట కుళ్లేది గోడలో దూరిన కొననే. ఇనుప దూలమైతే తుప్పు పట్టి ఉబ్బి గోడనే బద్దలు కొడుతుంది. పగుళ్లను చూసి కొంత తెలుసుకోవచ్చు. పగులులో దుమ్ము, సాలెగూడు ఉంటే పాతది. అంచులు శుభ్రంగా, రంగు కొత్తగా ఉంటే ఆ గోడ ఇంకా కదులుతున్నదని భావించి దూరంగా ఉండాలి. రావి మొక్కను ఎవరూ పీకకూడదు, వేరుతోబాటు ఇటుకల వరస ఊడి వస్తుంది. సిమెంటు పూతతో ఇటువంటి గోడను కాపాడుదామనుకోవడం కూడా తప్పే. తడి బయటికి పోయే దారి మూసుకుపోయి, ఇటుక లోపలే చితికిపోతుంది. మరమ్మతంటే గానుగ పట్టిన సున్నంతో చేయవలసిందే.

చీకటి గదులలో గబ్బిలాల రెట్ట నుంచి లేచే దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, మాస్కు తప్పనిసరి. రాళ్ల మధ్య చేతులు పెట్టకుండా, మడమలు కప్పే బూట్లు వేసుకుని పగటి వేళ వెళ్లండి.

అడిగినవారు (తాతగారి ఊరు)

ఇద్దరికీ నమస్కారం. లోపలికి వెళ్లాలన్న ఆలోచన మానుకున్నాము. అనుమతి వస్తే బయటి వైపు నుంచే ఒక గోడను అంచె అంచెలుగా గీయాలని అమ్మాయి నిర్ణయించుకుంది. ఉప్పెన నీళ్లు ఎంతవరకు వచ్చి ఉంటాయో ఆ బొమ్మ మీద గుర్తు పెట్టాలని కూడా అడుగుతోంది.

సమాధానం (బందరు వాసి)

ఆ ఉప్పెన కెరటం పదమూడు అడుగుల ఎత్తు లేచిందని, ముప్పై వేల మంది వరకు పోయారని నమోదయింది. గుర్తు పెట్టేముందు ఒక సంగతి చూసుకోండి. ఆ లెక్క పోటు మట్టం నుంచి గనక, గోడ అడుగు నుంచి నేరుగా కొలిస్తే తప్పవుతుంది. ఫొటోలు తీసేటప్పుడు గోడ పక్కన ఒక మీటరు కర్ర నిలబెట్టి తీయండి. ప్రతి సంక్రాంతికి అదే చోట నిలబడి తీస్తే, ఇటుక ఏడాదికి ఎంత తరుగుతున్నదో మీ అమ్మాయి చేతిలోనే తేలుతుంది. ఆ చిత్రాలను పురావస్తు శాఖవారికి కూడా పంపండి. వచ్చే ముందు కబురు పెట్టండి, కర్ర నేను తెస్తాను.