చిన్న షెడ్డులో కట్టే ఫైబర్ బోటు కొనొచ్చా, పెద్ద యార్డుకే పోవాలా?

ఇసకపల్లి కుర్రోడు:

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు జిల్లా అల్లూరు మండలం ఇసకపల్లి, పట్టపుపాలెం. నాయన, చిన్నాయన, నేను ముగ్గురం ఒకే బోటు మీద వేటకు పోతాం. సునామీ వచ్చిపోయాక 2005లో ఒక సేవాసంస్థ వాళ్ళు ఇచ్చిన ఫైబర్ బోటు అది. ఇరవై ఏళ్ళు మమ్మల్ని సాకింది. ఈ ఏడు వేట ఆపినాక ఒడ్డున తిరగేసి చూస్తే అడుగంతా పొక్కులు. పొక్కు గిల్లితే పుల్లటి వాసనతో నీళ్ళు కారుతున్నాయి. అతుకులేసి ఇంకో ఏడాది లాగుదామని నేనన్నా, నాయన ఒప్పుకోలేదు. కొత్తది కొనాల్సిందే.

రెండు చోట్ల అడిగాం. ఒకటి పక్క రాష్ట్రంలో పెద్ద యార్డు. వరసగా బోట్లు దించుతూనే ఉంటారు. బిల్లు, రెండేళ్ళ వారంటీ కార్డు ఇస్తారు. రెండోది ప్రకాశం జిల్లా కొత్తపట్నం వైపు ఒకాయన సొంత షెడ్డు. ఆయన, ఇద్దరు పనివాళ్ళు. ఏడాదికి ఎనిమిదో తొమ్మిదో బోట్లు కడతారంట. 28 అడుగుల బోటుకు పెద్ద యార్డు చెప్పిన రేటు కంటే ఈయన 40 వేలు ఎక్కువ చెప్తున్నాడు. తగ్గించమంటే తగ్గించనన్నాడు.

చిన్నాయన యార్డు అంటున్నాడు, నాయన షెడ్డు అంటున్నాడు. ఇంట్లో రోజూ ఇదే గొడవ. జూన్ 14తో వేట నిషేధం అయిపోతుంది, 15 తెల్లారేసరికి మేం నీళ్ళలో ఉండాలి. తెలిసినవాళ్ళు చెప్పండి.

రామాయపట్నం అల:

పెద్ద యార్డుకే పో తమ్ముడూ. 40 వేలు తక్కువ, పైగా చేతిలో కాగితం. ఇంక ఆలోచించేదేముంది? ఆ డబ్బుతో వలలు కొనుక్కోవచ్చు.

మైపాడు వలరాజు:

నేను కూడా యార్డే అంటాను. ఊరికే అనడం లేదు, అనుభవించి అంటున్నా.

ఏడేళ్ళ కింద మా వైపే ఒక చిన్న షెడ్డులో బోటు కట్టించుకున్నా. మనిషి మంచోడు, మాట మంచిది, మా బావకు తెలిసినవాడు. కార్తీక మాసంలో కట్టాడు. ఆ నెలల్లో మన నెల్లూరులో వానలు ఎట్లుంటాయో తెలుసు కదా. షెడ్డు పైన రేకులు, పక్కన టార్పాలిన్ పట్టాలు. బోటుకు పొరలుగా వేసే గాజు పోగుల మ్యాట్ చుట్టలు ఆ చెమ్మలోనే నేల మీద పడున్నాయి. నేను చూశాను, అప్పుడు నాకు అర్థం కాలేదు.

మూడో ఏడు ఇంజను బిగించే వెనక పలక ఊగడం మొదలైంది. బోల్టులు బిగిస్తే రెండు రోజులు బాగుండేది, మళ్ళీ వదులు. ఒకరోజు ఒడ్డుకు ఆరేడు మైళ్ళ దూరంలో సముద్రంలో ఉన్నప్పుడు పలక పైపొర చీలి ఇంజను ఒక పక్కకు వాలిపోయింది. తాడుతో కట్టి, తెడ్లేసుకుంటా వచ్చాం. నా కొడుకు అప్పుడు నాతోనే ఉన్నాడు. పలక విప్పితే లోపల ప్లైవుడ్ తడిసి బెల్లం పాకంలా మెత్తబడిపోయింది. ఫైబర్ పొరలు ఒకదాన్నొకటి పట్టుకోనే లేదు, చేత్తో ఊడి వచ్చాయి.

ఆయన్ని అడుగుదామని పోతే షెడ్డు లేదు. వేరే పని చూసుకొని వెళ్ళిపోయాడు. ఎవరిని అడగాలి? చిన్నోడి దగ్గర కొంటే జరిగేది ఇదే. పనితనం మీద నమ్మకం పెట్టుకున్నా, రేపు మనిషి దొరకాలి కదా.

కొత్తపట్నం పెద్దాయన:

వలరాజూ, నీకు జరిగింది చదివి బాధేసింది. కొడుకుని వెంటబెట్టుకొని తెడ్డేసుకుంటా రావడం ఎట్లుంటుందో నాకు తెలుసు. అయినా ఆ కుర్రోడికి నా మాట కూడా చెప్పాలి.

బోటు ఎక్కడ నిలుస్తుంది అనేది ముందు చూడండి. జువ్వలదిన్నె హార్బర్లో జెట్టీకి కట్టేసుకునేవాళ్ళకు ఒక రకం బోటు కావాలి. ఇసుక మీద నుంచి నేరుగా కెరటాల్లోకి తోసేవాళ్ళకు వేరే రకం కావాలి. ఇసకపల్లిలో మీరు రోజూ ఇసుక మీద ఈడుస్తారు. ముందు భాగం ఎత్తు లేకపోతే రెండో కెరటానికే బోటు నిండా నీళ్ళు. అడుగు మరీ లోతుగా ఉంటే ఒడ్డుకొచ్చేటప్పుడు ఇసుకలో తగిలి పక్కకు తిరుగుతుంది, వెనక నుంచి వచ్చే అల బోర్లా కొడుతుంది. మన తెప్పలు ఎందుకు అన్ని తరాలు నిలిచాయి? దుంగల సందుల్లోంచి వచ్చిన నీళ్ళు వచ్చినట్టే పోయేవి, కెరటం మీద మునిగినా తేలేవి. ఆ గుణాన్ని ఫైబర్లోకి తేవడం తేలిక కాదు. 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రాం వాళ్ళు ఒడ్డు నుంచి దించే పడవల కోసమే ఏళ్ళ తరబడి నమూనాలు కట్టి చూశారు. అంత పని ఉంది అందులో.

పెద్ద యార్డులో మౌల్డు, అంటే బోటు అచ్చు, ఒకటే ఉంటుంది. అది ఏ తీరం కోసం చేశారో ఆ తీరానికి బాగుంటుంది. మీ కోసం దాన్ని మార్చరు. షెడ్డాయన దగ్గర నేను 2016లో కట్టించుకున్నప్పుడు, మా రేవుకొచ్చి రెండు రోజులు కూర్చొని బోట్లు దిగేది, ఎక్కేది చూశాడు. ముందు భాగం పైన అంచు పెంచాడు, అడుగున ఇసుకకు తగిలే చోట అదనంగా పొరలు వేశాడు. ఇన్నేళ్ళలో ఆ చోట ఒక్కసారి పై పూత వేయించా, అంతే. 40 వేలు ఎక్కువ అంటే ఎందుకు ఎక్కువో ఆయన్నే అడగండి. ఆయన చెప్తాడు.

రామాయపట్నం అల:

పెద్దాయనా, మీరు చెప్పిన ఎత్తు, లోతు సంగతి నేను ఆలోచించలేదు. మా దగ్గర అల కాస్త నెమ్మది. అయినా బిల్లు విషయం మర్చిపోకండి. 2020లో వచ్చిన మత్స్య సంపద యోజనలో సంప్రదాయ మత్స్యకారులకు పాత బోటు బదులు కొత్తదానికి 40 శాతం, ఆడవాళ్ళకు, ఎస్సీ ఎస్టీలకు 60 శాతం సాయం పెట్టారు. ఏ సబ్సిడీకి పెట్టుకోవాలన్నా, బ్యాంకు లోనుకు పోవాలన్నా సరైన కొటేషన్, బిల్లు లేకుండా ఫైలు కదలదు. రిజిస్ట్రేషన్‌కూ కట్టినవాళ్ళ కాగితం కావాలి. షెడ్డులో తెల్ల కాగితం మీద రాసిస్తే 40 వేలు కాదు, లక్షల్లో పోతుంది.

ఇసకపల్లి కుర్రోడు:

అన్నా, అది అడిగాను. ఆయనకు జీఎస్టీ ఉంది, కొటేషన్ ఇస్తాడు. వారంటీ మాత్రం కాగితం మీద లేదు. “బోటు తెచ్చి చూపించు, నాది తప్పయితే నేను చేసిస్తా” అన్నాడు.

మైపాడు వలరాజు:

నాకు బోటు కట్టినాయనా ఆ రోజు అదే మాట చెప్పాడు.

ఒంగోలు ఫైబర్ పనోడు:

నేను పన్నెండేళ్ళుగా ఫైబర్ పనిలో ఉన్నా. ఎక్కువగా ట్యాంకులు, రొయ్యల హ్యాచరీల టబ్బులు, మధ్యలో కొన్ని బోట్లు. పెద్ద చోట చేశా, చిన్న చోట చేశా. లోపల ఏం జరుగుతుందో చెప్తా, ఆ తర్వాత మీ ఇష్టం.

ఫైబర్ బోటుకు బలం గాజు పోగుల నుంచి వస్తుంది. రెజిన్ అనే జిగురు ఆ పోగుల్ని పట్టి ఉంచుతుంది. ఒట్టి రెజిన్ గాజు పలకలా పెళుసు. చేత్తో మ్యాట్ వేసేటప్పుడు కిలో మ్యాట్‌కు రెండు, రెండున్నర కిలోల రెజిన్ పడుతుంది. రోవింగ్‌కు, అంటే అల్లిన గాజు గుడ్డకు, అంత అక్కర్లేదు, ఇంచుమించు సమానంగా సరిపోతుంది. ప్రతి పొర మీద రోలర్ తిప్పి గాలి బుడగలు బయటికి తోలాలి. నడుము విరిగే పని ఇదే. తొందరున్న చోట ముందు ఎగ్గొట్టేది కూడా ఇదే.

మోసం జరిగే దారులు నాలుగైదున్నాయి. ఒక పొర తక్కువ వేస్తారు, మందం రావడానికి రెజిన్ పోస్తారు. రెజిన్లో చాక్ పొడి కలుపుతారు. రోజూ నీళ్ళలో నానే బోటుకు నీళ్ళను బాగా తట్టుకునే ఐసో రెజిన్ వాడాల్సిన చోట మామూలు రెజిన్ వాడతారు. వెనక పలకలో మెరైన్ ప్లై బదులు ఫర్నిచర్ ప్లై పెడతారు, బోల్టు రంధ్రాల లోపలి గోడలకు రెజిన్ పూయకుండా వదిలేస్తారు. వలరాజన్నా, మీ పలకలోకి నీళ్ళు పోయింది ఆ రంధ్రాల నుంచే అయ్యుంటుంది. పొరలు చేత్తో ఊడాయంటే చెమ్మ పట్టిన మ్యాటే. తడి మ్యాట్ మీద రెజిన్ పాలలా తెల్లగా కనపడుతుంది, లోపలికి పట్టదు.

ఇప్పుడు మే నెల. వేరే తిప్పలు. ఈ ఎండలో, రెజిన్ గట్టిపడటానికి కలిపే హార్డెనర్ ఎప్పటి లెక్కన కలిపితే డబ్బాలోనే రెజిన్ ఉడికిపోతుంది. మామూలుగా ఒకటి నుంచి రెండు శాతం మధ్య కలుపుతాం, వేసవిలో కింది వైపే ఉండాలి. తెలిసినవాడు తెల్లవారుజామున మొదలుపెట్టి ఎండ ఎక్కేలోపు ఆపేస్తాడు. జూన్ 15కు అందించాలని మిట్టమధ్యాహ్నం కూడా పొరలు వేసేవాళ్ళను చూశా. నిషేధం 61 రోజుల్లో తీరమంతా ఒకేసారి బోట్లు అడుగుతుంది కాబట్టి ఆ తొందర పెద్ద యార్డుల్లోనే ఎక్కువ. అక్కడ కూలీకి బోటు లెక్కన డబ్బులిస్తే రోలర్ ఎవరు తిప్పుతారు?

తమ్ముడూ, మీ పాత బోటు పొక్కుల సంగతి. జెల్ కోట్, అంటే బోటు బయటి నున్నటి పూత, దాని గుండా ఏళ్ళ తరబడి నీరు కొంచెం కొంచెంగా లోపలికి దిగి, సరిగ్గా గట్టిపడని రెజిన్లోని పదార్థాన్ని కరిగించుకొని ఉబ్బుతుంది. పుల్లటి వాసన దానిదే. సునామీ తర్వాత అన్ని ఊళ్ళకూ ఒకేసారి బోట్లు కావాల్సొచ్చి హడావుడిగా కట్టారు. అట్లాంటి వాటిలో మీది ఇరవై ఏళ్ళు నిలిచిందంటే ఎవరో శ్రద్ధగా చేశారనే అనుకోవాలి.

ఇప్పుడు అసలు మాట. ఇవన్నీ బోటు తయారయ్యాక కంటికి కనపడవు. జెల్ కోట్ అన్నిటినీ కప్పేస్తుంది, మంచి బోటూ చెడ్డ బోటూ ఒకేలా మెరుస్తాయి. కట్టేటప్పుడు చూడగలిగితేనే ఆ 40 వేలకు అర్థం ఉంది. షెడ్డాయన్ను ఒకటే అడుగు: “నేను పొర పొరకూ ఇక్కడే ఉంటా, ఒప్పుకుంటావా?” ఒప్పుకుంటే కొను. ఒప్పుకోకపోతే ఆయన కూడా ఇంకో చిన్న యార్డే, అప్పుడు తక్కువ రేటుకు పెద్దదే నయం.

మైపాడు వలరాజు:

నేనూ రెండు రోజులు పోయి నిలబడ్డా కదా తమ్ముడూ. మనకు ఏం తెలుస్తుంది?

ఒంగోలు ఫైబర్ పనోడు:

తెలుస్తుందన్నా, ఏం చూడాలో ముందే రాసుకొని పోతే. మ్యాట్ చుట్ట మీద బరువు, రకం రాసుంటాయి. ఎన్ని చుట్టలు విప్పారో లెక్క పెట్టండి. అడుగున ఎన్ని పొరలు, పక్కల ఎన్ని పొరలు అని కొటేషన్ మీదే రాయించుకొని, వేసేటప్పుడు ఒక్కొక్కటి టిక్కు పెట్టండి. రెజిన్ డబ్బా మీద పేరు ఫోటో తీయండి. ఎక్కడైనా తెల్లగా కనపడితే ఆపమనండి. గట్టిపడ్డాక రూపాయి బిళ్ళతో అంతటా కొట్టండి, టంగుమంటే మంచిది, డబ్బుమని బోలు శబ్దం వస్తే లోపల పొర పట్టలేదు.

ఇంకోటి. ఇదివరకు కట్టిన బోటు అంచు కోసినప్పుడు మిగిలిన ముక్క అడిగి తెచ్చుకో తమ్ముడూ. ఆరుబయట బొగ్గుల మీద కాల్చు, పొగకు ఎదురుగా నిలబడొద్దు. రెజిన్ కాలిపోయి గాజు మిగులుతుంది. ముందూ వెనకా తూచు. ఒట్టి మ్యాట్ అయితే వందకు 30 దగ్గర, రోవింగ్ కలిపితే ఇంకా పైన మిగలాలి. పోగుల మధ్య తెల్ల పొడి రాలితే చాక్ కలిపారు. జెల్ కోట్ రంగు వల్ల కొంచెం బూడిద ఉంటుంది, అది వేరు.

అల్లూరు చేపలక్క:

నేను వేటకు పోయేదాన్ని కాదు, గంపెత్తుకొని అమ్మేదాన్ని. అయినా ఈ మాట చెప్పాలనిపించింది. మా ఇంట్లో బోటుకు సగం డబ్బు నా డ్వాక్రా లోనుది. మీ చర్చంతా మగవాళ్ళదే. అబ్బయ్యా, మీ ఇంట్లో మీ అమ్మను అడిగారా? కట్టేటప్పుడు చూడటానికి మనిషి కావాలంటున్నారు. వేట లేని రోజుల్లో ముగ్గురూ వంతులేసుకోవచ్చు. మీరు కూలికి పోయిన రోజు అమ్మను కూర్చోబెట్టండి. గంపలో చేప తాజాదో కాదో చెవి ఎత్తి చూసి చెప్పేవాళ్ళం మేము. పొరలు లెక్కపెట్టలేమా?

నిషేధంలో ప్రభుత్వం ఇచ్చే సాయం 2025లో 10 వేల నుంచి 20 వేలు చేశారు. అది తిండికే చాలదు. లోను కంతులు ఆగవు. బోటు చెడిపోతే ఆ కంతు కట్టేది మేమే.

ఇసకపల్లి కుర్రోడు:

అక్కా, నిజంగానే అమ్మను అడగలేదు. నిన్న అడిగాం.

ఐదు రోజులు ఎందుకు రాయలేదంటే రెండు చోట్లా తిరిగాం. యార్డు వాళ్ళను ఫోన్లో ముక్క అడిగితే ‘ఇవ్వం’ అన్నారు, కట్టేటప్పుడు ‘లోపలికి రానివ్వం’ అన్నారు. వారంటీ కార్డు ఫోటో పంపారు. పూర్తిగా చదివాం. ఒడ్డు మీద ఈడ్చడం వల్ల అడుగుకు జరిగే నష్టానికి వర్తించదని చివర్లో ఉంది. మేం ఈడ్చని రోజు లేదు. చిన్నాయన ఆ లైను రెండుసార్లు చదివించుకున్నాడు.

షెడ్డాయన మూల పడున్న ముక్కల కుప్ప చూపించి మీకు నచ్చింది తీసుకోండన్నాడు. అల్లూరులో బంగారం కొట్టు త్రాసు మీద తూచాం. కాల్చక ముందు 50 గ్రాములు, కాల్చాక 17. పోగులు తెల్లగా, విడివిడిగా వచ్చాయి. పొడి లేదు. పొరలు విప్పి లెక్కపెడితే ఆయన చెప్పిన లెక్క సరిపోయింది. మ్యాట్ చుట్టలు చెక్క బల్ల మీద, ప్లాస్టిక్ సంచుల్లోనే ఉన్నాయి.

మైపాడు వలరాజు:

అంచు ముక్క బాగుంటే అడుగు కూడా బాగున్నట్టా?

ఒంగోలు ఫైబర్ పనోడు:

కాదన్నా, మీరన్నది కరెక్టు. ఆ ముక్క ఆయన రెజిన్ కలిపే అలవాటు మాత్రమే చెప్తుంది. అడుగు, వెనక పలక దగ్గరుండి చూసుకోవాల్సిందే. పలక మూసే రోజు ఎవరూ లేకుండా ఉండొద్దు తమ్ముడూ, మిగతా రోజులు పోయినా ఆ రోజు పోకూడదు.

ఇసకపల్లి కుర్రోడు:

షెడ్డుకే అడ్వాన్సు ఇచ్చాం. పొరల లెక్క, ఐసో రెజిన్, మెరైన్ ప్లై అని కొటేషన్ మీద రాయించాం. వారంటీ కూడా రాసిమ్మంటే కాసేపు ఆలోచించి, వెనక పలకకు మూడేళ్ళని రాసి సంతకం పెట్టాడు. సోమవారం తెల్లవారుజామున నాలుగింటికి జెల్ కోట్ మొదలు. గురువారం పలక పెడతారు. అమ్మ, నాయన అక్కడే మా మేనత్త ఇంట్లో ఉంటారు.

మైపాడు వలరాజు:

గురువారం నేను వస్తా. నా పాత పలక ముక్క ఇంట్లోనే ఉంది, అది కూడా తెస్తా. మూసే ముందు ఆయనకు చూపించాలి.