దుబాయ్ సోనాపూర్ లేబర్ క్యాంపుల ఉన్న, మనోళ్ల గ్రూపుల చేరాల్నా వద్దా?

జగిత్యాల పోరడు:
అన్నలకు నమస్తే. దుబాయ్‌కొచ్చి ఎనిమిది నెలలైతుంది, షట్టరింగ్ పని. ఏజెంటుకు కట్టిన పైసలు మూడు రూపాయల మిత్తికి తెచ్చినయి, ఇంకా తీరలే. రూమ్‌ల తెలుగోన్ని నేనొక్కన్నే, డ్యూటీ నుంచొచ్చి వండుకొని తిని ఫోన్ చూసుకుంట పంటున్న, ఇంటికి ఫోన్ చేస్తే మంచిగనే ఉన్నా అంటున్న గని మనసున పడ్తలేదు. పక్క బ్లాకుల మనోళ్లు నెలకు 10 దిర్హమ్‌లు జమ చేస్కుంట ఆదివారం కలుస్తరంట, నన్నూ రమ్మంటున్నరు. బాకీకే సరిపోతలెవ్వు, గిది అవసరమా?

అల్‌కూజ్ అన్న:
చేరు తమ్మీ. మా రూమ్‌ల ఒకాయన రాత్రి పండుకున్నోడు తెల్లారి లేవలే. కంపనీ వాళ్లు ఇయ్యాల రేపు అన్నరు, మాకేమో ఎటు పోవాల్నో తెల్వదు. గ్రూపోళ్లే వచ్చిన్రు, డెత్ సర్టిఫికెట్, వీసా క్యాన్సిలు, కాన్సులేట్ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే కాయితం), శవం పాడుగాకుంట చేసే ఎంబామింగ్ అన్నిటికీ వాళ్లే తిరిగిన్రు, డ్యూటీ ఇడిసిపెట్టి మరీ. ఆయన ఒక్క ఆదివారం కూడ గ్రూపుకు పోలే, అయినా వచ్చిన్రు. అప్పటిసంది నేను ఒక్క నెల తప్పలే.

వాపస్ వచ్చినోడు:
నేను మూడేండ్లు ఖల్లివెల్లి, అంటే వీసా లేకుంట ఉన్న. 2024ల అక్కడి సర్కారోళ్లు క్షమాభిక్ష పెట్టిన్రు, సెప్టెంబర్ 1 నుంచి డిసెంబర్ 31 దాంక, ఫైన్‌లు మాఫీ. టీవీల చెప్పిన్రు గని నాకు భయం, పోతే పట్టుకొని లోపలేస్తరని. నిజామాబాద్ అన్న ఒకాయన నా పక్కన కూసొని ఫారాలు నింపి, ఔట్‌పాస్ (దేశం ఇడిసి పోనిచ్చే కాయితం) ఇప్పిచ్చి ఎయిర్‌పోర్టు దాంక వచ్చిండు. చెప్పేటోల్లు వందమంది ఉంటరు తమ్మీ, ఎంబడి వచ్చేటోడు గావాలె. పైసల లెక్క మాత్రం నెలనెల అడుగు, మంచోల్లయితే ఏమనుకోరు. చిట్టీ అంటే ఇప్పుడే దిగకు, ముందు బాకీ తీరనియ్యి.

మోర్తాడ్ చెల్లె:
మా ఆయన షార్జాల ఉంటడు. ఆదివారం నలుగుర్ల కలిసినంక ఫోన్ చేస్తే గొంతే వేరుంటది, మిగిలిన రోజులు రెండు ముక్కలు మాట్లాడి పెట్టేస్తడు. నువ్వు మంచిగనే ఉన్నా అంటే మీ ఇంట్లోల్లు నమ్ముతున్నరనుకోకు అన్నా, మాకు ఎర్కైతది. ఇంకోటి, ప్రవాసీ భారతీయ బీమా అని వచ్చేటప్పుడు నీతోని కట్టిచ్చుంటరు, రెండేండ్లకు 275 రూపాయలు, యాక్సిడెంట్‌ల ప్రాణం పోతే 10 లక్షలు. మా ఇంట్ల గా ముచ్చటే తెల్వదు, గ్రూపుల మనిషి అడిగినంకనే వెతికితే సూట్‌కేసు అడుగున దొరికింది. నీ కాయితం ఫొటో తీసి ఇయ్యాలనే ఇంటికి పంపు.